పరదేశమ్మ మింగిన మాటలు

పరదేశమ్మ నోట “దయచేసి” అన్న మాట వినపడేసరికి జెట్టీ మీద బేరాలన్నీ ఆగిపోయాయి.

జరిగిందేమిటంటే, చేపల వర్తకుడు మైలపల్లి అప్పన్న వంజరాలకు మరీ నవ్వొచ్చే ధర పలికాడు. అలాంటి ధరకు వేలం వేసే పరదేశమ్మ దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో అప్పన్న తాత, అప్పన్న తక్కెడ, అప్పన్న పుట్టిన ఘడియ వరసగా వస్తాయి. అది వినడానికే పొద్దున్నే జెట్టీకి వచ్చే పెద్దమనుషులు కూడా ఉన్నారు. ఆవిడ యథాప్రకారం ఆ జవాబే ఇచ్చింది. ఆవిడ మెడకున్న పట్టీ మాత్రం తేనె పూసిన గొంతుతో, “దయచేసి మీ ధర గురించి మరొక్కసారి ఆలోచించండి” అంది.

జనం ఘొల్లుమని నవ్వారు. అప్పన్న ఒక్కడే నవ్వలేదు.

“అప్పా, ఒంట్లో బాగున్నాదా?” అని సొంత అక్కను అడిగినట్టు అడిగాడు. ఆ జాలే ఆవిడకు ఒళ్ళు మండించింది. మళ్ళీ తిట్టింది, ఈసారి ఇంకా లోతుగా.

“మీ సహకారానికి ధన్యవాదాలు” అంది పట్టీ.

పరదేశమ్మ పట్టీని మెడ నుంచి ఊడబెరికి, కొంగున ముడేసుకుని, తట్టలు ఎక్కడివక్కడే వదిలేసి విశాఖపట్నం బస్సెక్కింది.

ఆవిడ కూతురు పైడిరత్నం పనిచేసే ప్రయోగశాల విశ్వవిద్యాలయంలో ఉంది. పట్టీ పుట్టింది అక్కడే. నిజం చెప్పాలంటే పరదేశమ్మ మెడ మీద పుట్టింది. ఆవిడకు చిన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం ఆ తీరంలో ఆడవాళ్ళకు వక్కాకు నమిలినంత మామూలు. ఆ నిప్పు అంగిట్లో పుండై గొంతుకు పాకింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తల్లి స్పృహలో లేదు, తండ్రి ఎప్పుడో సముద్రంలో పోయాడు. కాగితం మీద సంతకం రత్నమే పెట్టింది. పేట ఈ కొస నుంచి ఆ కొసకు వినపడే గొంతు ఒక్క పూటలో పోయింది.

రత్నం అప్పటికే నరాల మీద పరిశోధన చేస్తోంది. స్వరపేటిక పోయినా, మాట్లాడాలనుకున్నప్పుడల్లా మెదడు నాలుకకూ దవడకూ మెడ కండరాలకూ కబురు పంపుతూనే ఉంటుంది. ఆ కబురును చర్మం మీదే పట్టుకుని మాటగా మార్చే ప్రోగ్రాం రాసింది. తల్లి మెడకు పట్టీ కట్టి, రెండేళ్ళ పాటు ఆవిడ కండరాల కదలికలన్నీ రికార్డు చేసి, దేనికి ఏ మాటో దగ్గర కూర్చుని దానికి నేర్పింది.

అందులో ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. పైకి అనదలచుకున్న మాటలతో పట్టీ ఆగలేదు. గొంతు దాకా వచ్చాక, మొహమాటానికో భయానికో మనిషి మింగేసిన మాటల్ని కూడా అది పట్టేసింది. వాటిని బయటికి పలకకుండా రత్నం గడియ పెట్టింది గాని, రికార్డుల్లో అవన్నీ ఉన్నాయి. ఉండక తప్పదు కూడా. మింగిన మాట ఎలా ఉంటుందో తెలిస్తే గాని, అనదలచిన మాట ఏదో దానికి తెలిసేది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గురువు పరదేశమ్మ కదా, ఎక్కడ సందేహం వచ్చినా పట్టీ పరదేశమ్మ లాగే మాట్లాడేది. తెనాలిలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు ప్రయోగంలో చేరి, కోడలిని మంచినీళ్ళడగబోతే “ఒలే, నీల్లు ఇలగ తే” అని వచ్చింది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదట.

పట్టీని తీసుకుంటామని ముందుకొచ్చిన కంపెనీ ఇలాంటివన్నీ విని బెంబేలెత్తి, ప్రోగ్రాం మీద ఒక మర్యాద పొర కప్పింది. దానికి మృదుభాషిణి అని ముద్దుగా పేరు కూడా పెట్టింది. పరీక్షించి చూద్దామని దాన్ని పరదేశమ్మ పట్టీలోకి పంపింది. ఆవిడకు ఒక మాట చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ప్రయోగశాల తలుపు తోసుకుని తల్లి వచ్చి కొంగు ముడి విప్పేసరికే రత్నానికి సగం అర్థమైంది. గబగబా పట్టీలో పాత ప్రోగ్రాం ఎక్కించి మెడకు కట్టింది. అక్కడే కంపెనీ తరఫు కుర్రాయన కౌస్తుభ్, ప్రయోగశాల పెద్ద మృత్యుంజయరావు గారు ఒప్పందం కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. పరదేశమ్మ తిన్నగా కౌస్తుభ్ దగ్గరికి వెళ్ళింది.

“నా నోట్లో నీ మాట ఎట్టడానికి నువ్వెవడివి బావూ?”

“మేమేం మాట పెట్టలేదమ్మా. మీ ఉద్దేశాన్నే కాస్త మర్యాదగా చెప్పాం, అంతే” అన్నాడు కౌస్తుభ్. నిజంగానే అలా అనుకుంటున్నాడు పాపం.

“నా ఉద్దేశం మర్యాద కాదు.”

“రేపు ఈ పట్టీ బళ్ళలో, ఆఫీసుల్లో, పెళ్ళిళ్ళలో మాట్లాడాలి కదమ్మా. ఎవరినీ నొప్పించకూడదు.”

“నొప్పించాలనే అన్నాను. అప్పన్నగాడికి నొప్పి తగిల్తేనే రేటు కదుల్తాది. నీ దయచేసికి కదుల్తాదేటి?”

రత్నం కలగజేసుకుంది. “పొర వద్దనుకున్నవాళ్ళకి పాతదే ఉంచచ్చు కదండీ?”

కౌస్తుభ్ తల అడ్డంగా ఊపాడు. నెలాఖరున సంతకాలవుతాయి. ఆ తర్వాత ఎక్కడున్న పట్టీలైనా కంపెనీ నుంచే నడుస్తాయి. పొర లేని ప్రోగ్రాం అనేది ఇక ఉండదు. రత్నానికి ఆ విభాగంలో పెద్ద ఉద్యోగం ఇస్తున్నామని కూడా అతను గుర్తు చేశాడు. మృత్యుంజయరావు గారు కళ్ళజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు. తన శాలలో పుట్టినది తన కళ్ళ ముందే ఒక మనిషి చేత అబద్ధాలు పలికిస్తుంటే, అద్దాలు ఎంత తుడిస్తే మాత్రం ఏం లాభం.

ఆ సాయంత్రం తల్లిని బస్సెక్కించడానికి వెళ్ళిన రత్నం తనూ ఎక్కేసింది. కోపం వస్తే ఆ తల్లీకూతుళ్ళిద్దరికీ ఆకలేస్తుంది. దారిలో వేరుశనగకాయలు వలుచుకుంటూ మాట్లాడుకున్నారు.

“సంతకాలయ్యేదాకా ప్రోగ్రాం కంపెనీది కాదమ్మా. ప్రభుత్వం గ్రాంటుతో రాశాం. రాసిన నేనూ, మాటలిచ్చిన నువ్వూ ఒప్పుకుంటే, దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద లోకానికి ఇచ్చెయ్యచ్చు.”

“ఇచ్చెయ్యడం అంటే?”

“ఎవరైనా తీసుకోవచ్చు. విప్పి చూడచ్చు. వాళ్ళ అమ్మకు, వాళ్ళ యాసకు తగ్గట్టు మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పంచేటప్పుడు మాత్రం తాళం వేసి ఇవ్వకూడదు. తమకెలా వచ్చిందో అవతలివాళ్ళకూ అలాగే విప్పి ఇవ్వాలి. ఆ షరతు ఎవరూ తీసెయ్యలేరు, కంపెనీ కూడా.”

పరదేశమ్మ కాసేపు నమిలింది. “అలివి వల లాగినట్టన్నమాట. ఒడ్డు మీద ఎవుడొచ్చి తాడట్టుకున్నా ఆడికో పాలు. పాలట్టుకుని తాడు కోసుకుపోతానంటే ఊరుకోం.”

“అంతే.”

“మరింకేటి, ఇచ్చెయ్యి.”

రత్నం వలిచిన గింజలు తల్లి చేతిలో పోసింది. “రికార్డులు కూడా ఇవ్వాలమ్మా. అవి లేకుండా ప్రోగ్రాం ఒక్కటే ఇస్తే, దాన్ని ఎవరూ మార్చుకోలేరు. పేరుకి ఇచ్చినట్టే ఉంటుంది. నువ్వు మింగిన మాటలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఎవరు కావాలంటే వాళ్ళు వినచ్చు.”

బస్సు భీమిలి దాటాక పరదేశమ్మ ఒళ్ళో తొక్కలు దులుపుకుంది.

“అందరి మీదా అన్నయ్యీ ఉన్నాయేటి?”

“అందరి మీదా.”

“అయితే ఎవుడో ఇని ఎవుడికో సెప్పీ కంటే, ఆల్ల మొకం మీద నానే సెప్పెత్తాను.”

రత్నం అది కోపంలో అన్నమాట అనుకుంది. తల్లి సంగతి తెలిసి కూడా అలా అనుకోవడం ఆ అమ్మాయి తెలివితక్కువతనం.

మర్నాటి నుంచి పరదేశమ్మ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. ముందు అప్పన్న దగ్గరికే వెళ్ళింది. “నీ తక్కెడ దొంగదని నాకెప్పుడో తెలుసు. నీ పెళ్ళాం మంచిదని నోరు మూసుకున్నాను” అంది.

అప్పన్న చుట్ట ఆర్పి, “నీకు తెలుసని నాకూ తెలుసప్పా. నువ్వెందుకు అనవా అని ఇన్నాల్లూ బయపడ్డాను” అన్నాడు. మర్నాడు కొత్త తక్కెడ తెచ్చాడు. అదీ కొంచెం అటువైపే మొగ్గింది, అది వేరే సంగతి.

పేటలో కొందరు నవ్వారు. కొందరు ఎదురు తిట్టారు, దానికి ఆవిడ సంతోషించింది. ఒకాయన, నా మీద ఏమీ లేదా అని చిన్నబుచ్చుకున్నాడు. అన్నీ అలా తేలిపోతే బాగానే ఉండేది.

తోడికోడలు దేముడమ్మ ఉంది. ఆపరేషనయ్యాక పొద్దున్నా సాయంత్రం గంజి కాచి తెచ్చి, గొట్టంలో చుక్క చుక్కగా పోసిన మనిషి. ఆవిడ గడపలోకి వెళ్ళేముందు పరదేశమ్మ బయట చాలాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి చెప్పేసింది.

“నువ్వు గంజి తెచ్చినప్పుడల్లా, దీనికి నా నోరు పోయిందని లోపల కుశాలగా ఉన్నాది అనుకున్నాను. గంజి తాగతానే అనుకున్నాను దేముడూ.”

దేముడమ్మ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత బోరింగు దగ్గర ఎదురుపడ్డా మొహం తిప్పుకుంది. ముప్పై ఏళ్ళు ఒకే చూరు కింద చుట్ట పంచుకున్న ఇద్దరి మధ్య అలా తెగిపోయింది. ఆ రాత్రి పరదేశమ్మ కంచం ముందు కూర్చుని లేచిపోయింది.

“ఆపేద్దామా అమ్మా?” అంది రత్నం.

“ఆపితే దేముడు తిరిగొత్తాదేటి? అన్నదేదో అన్నాను. ఇప్పుడు మానేత్తే, దాన్ని ఊరికే ఏడిపించినట్టు.”

తల్లి అందరికీ చెబుతోంది గాని, తనకు మాత్రం ఏమీ చెప్పలేదు. రత్నానికి ఆ దిగులు రోజురోజుకూ పెరిగింది. ఎందుకంటే మొదటి ఏడాది రికార్డుల్లో ఏముందో ఆమెకు తెలుసు. ఒక్కొక్క కదలికకూ ఇది ఫలానా మాట అని గుర్తు పెట్టింది తన చేతులతోనే. అందులో చాలా మటుకు తన మీద అన్నవే. అప్పట్లో అవి వింటూ గుర్తులు పెట్టి, ఇంటికి వెళ్ళి తల్లికి నోరు కడిగి, ఏమీ తెలియనట్టు దుప్పటి కప్పేది. తనకు తెలుసన్న సంగతి తల్లికి తెలియదనే ఇంతకాలమూ నమ్ముకుంది.

విడుదలకు అన్నీ సర్దుతున్నప్పుడు ఆ ఏడాదిని మొత్తంగా పక్కకు తీసేసింది. అమ్మ పరువు కోసం అనుకుంది. రెండో ఏడాది చాల్లే, కండరాలు అప్పటికి బాగా తేరుకున్నాయి కదా అని కూడా అనుకుంది. సాకు కావాలే గాని, మనసు ఒకటి అడిగితే నాలుగు ఇస్తుంది.

సంతకాల ముందు రోజు పొద్దున ప్రయోగశాలలో అందరూ చేరారు. కౌస్తుభ్‌ను పిలవలేదు. మృత్యుంజయరావు గారు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. “ఉద్యోగం పోతే పోయే వయసులోనే ఉన్నానమ్మా నేను, నీదే ఆలోచించుకో” అన్నారు రత్నంతో. ఆయన అంత మాట అనడం శాలలో అదే మొదలు. కొత్తగా గొంతు ఆపరేషనైన ఆటో డ్రైవరు బంగారయ్య, భార్యతో కలిసి వచ్చాడు. విడుదల చేసే ప్రోగ్రాం కొత్త మనిషి మెడ మీద ఎలా పనిచేస్తుందో ఆఖరిసారి చూడాలని రత్నమే రమ్మంది.

బంగారయ్యకు పట్టీ కట్టారు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అతను భార్య వైపు తిరిగి పెదవులు కదిపాడు. పట్టీ గరగరమంది. మళ్ళీ కదిపాడు. మళ్ళీ గరగర. మెడ నరాలు పొంగేలా ప్రయత్నించాడు. పట్టీలోంచి ఇసుక మీద తట్ట ఈడ్చినట్టు చప్పుడు వచ్చింది గాని మాట రాలేదు. అతని భార్య నేల చూపులు చూస్తూ, “పోన్లెండి, సైగలు అలవాటైపోనాయి మాకు” అంది.

పరదేశమ్మ కూతురి వైపు తిరిగింది.

“నాకు మొదట్లో ముక్కా చెక్కా అయినా వొచ్చీది కదే. ఈ బాబుకెందుకు రాదు?”

“కొత్త కదమ్మా. కండరాలు తేరుకుంటే...”

“నాకు అప్పుడు తేరుకున్నాయేటి? నా మొదటి ఏడాది మాటలు ఇందులో ఎట్టినావా?”

రత్నం అబద్ధం చెప్పలేకపోయింది. పెట్టలేదన్నట్టు తల ఊపింది.

“ఎందుకు తీసేసినావు?”

“నీ కోసమే అమ్మా. అవి... అవి పదిమంది వినేవి కావు.”

“ఆ కంపెనీ వోడు నా తిట్లు తీసేసినాడు, నా మంచికేనన్నాడు. నువ్వు నా ఏడుపు తీసేసినావు, నా మంచికేనంటన్నావు. ఆడికీ నీకూ తేడా ఏటే?”

రత్నానికి చెంప మీద కొట్టినట్టయింది. మృత్యుంజయరావు గారు బయటికి వెళ్ళబోతే పరదేశమ్మ చెయ్యడ్డం పెట్టి ఆపింది. దాపరికం లేదన్నట్టు బంగారయ్య దంపతుల ముందే మొదలుపెట్టింది.

“అందరికీ సెప్పినాను, నీకే సెప్పలేదు. దడుపు పుట్టింది నాకు. ఇప్పుడిను. ఆ ఏడాదంతా నిన్ను తిట్టుకున్నాను. ఆ కాయితం మీద సంతకం ఎట్టిన సెయ్యి పుచ్చిపోనూ అనుకున్నాను. నువ్వు నా నోరు కడుగుతుంటే అనుకున్నాను. నన్ను సావనియ్యకుండా మూగ గొడ్డుని సేసి కట్టీసింది నా కడుపునుట్టిన గుంట అని, నువ్వు పక్కనే పడుకుని నిద్దరోతుంటే అనుకున్నాను. ఒట్టినే అనుకోలేదు, నిజంగానే అనుకున్నాను.”

“నాకు తెలుసమ్మా” అంది రత్నం. ఇన్నేళ్ళలో మొదటిసారి పైకి అంది. “అన్నీ విన్నాను. గుర్తులు పెట్టింది నేనే కదా.”

పరదేశమ్మ కళ్ళు నిండాయి. పట్టీ మాత్రం తొణకలేదు. అది కన్నీళ్ళను లెక్కచెయ్యదు.

“ఇని కూడా నా నోరు కడిగినావా?”

“కడిగాను.”

“ఇప్పుడు అలగ అనుకోను. బతికించినావని రోజూ దణ్ణం ఎట్టుకుంటన్నాను. కానీ ఆ మాట దాసేసి, ఈ మాట ఒక్కటే సూపిత్తే ఎవుడు నమ్ముతాడే? నువ్వు నమ్ముతావేటి? రెండూ నాయ్యే. రెండూ ఎట్టు.”

రత్నం వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. పక్కకు తీసిన ఏడాదిని తిరిగి దాని చోట పెట్టింది. ఏడుపు వస్తోంది, కానీ అందులో భయం లేదు. ఆ ఏడాది నుంచీ మోసిన బరువేదో చేతుల్లోంచి దిగిపోతోంది. బంగారయ్య పట్టీలోకి కొత్తగా సర్దిన ప్రోగ్రాం ఎక్కించింది. అతను బెదురుబెదురుగా పెదవులు కదిపాడు.

“ఒలే” అంది పట్టీ. కాసేపాగి, అతుకుల బొంతలా ఒక్కో ముక్కే, “నువ్వు... టీ... తాగినావేటి?” అంది.

అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇది ఈయన మాట కాదండీ, ఈయన నన్ను ఒలే అనరు” అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. బంగారయ్య కూడా సొంత మాట కాదని చెయ్యి ఊపాడు గాని, ఆ చెయ్యి భార్య భుజం మీదే ఆగిపోయింది.

“యాస తర్వాత మార్చుకోవచ్చు. మార్చుకోడానికేగా విప్పి ఇస్తున్నాం” అంది రత్నం.

లైసెన్సు మీద హక్కుదారుల పేర్లు రాసేచోట తన పేరు రాసి, పక్కన గరికిన పరదేశమ్మ అని రాసింది. ఈలోగా మృత్యుంజయరావు గారి ఫోను మోగింది. కౌస్తుభ్. ఎలా తెలిసిందో తెలిసింది. ఆయన వింటూ, “ఆఁ... ఆఁ... లేదండీ, ఇంకా కాలేదు” అని, ఫోను గుండెకు ఆనించుకుని తల్లీకూతుళ్ళ వైపు చూశారు.

“ఒప్పందం ఇంకా మంచిగా మారుస్తారట. ఒక్కరోజు ఆగమంటున్నారు” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “నేను ఆగమనడం లేదు. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదమ్మా, ఒకసారి వదిలాక వెనక్కి పిలవలేం. అది ఆలోచించారా?” అన్నారు.

“పిలిస్తే ఎనక్కొచ్చీది కుక్క బాబూ, మాట కాదు” అంది పరదేశమ్మ.

రత్నం మీట నొక్కింది.